మర్రికాయలో పురుగు చీడ కాదు, చెట్టుకు మందు కొట్టించకండి

కాయల్లో పురుగులు కనిపించిన మీ ఊరి మర్రిచెట్టుకు మందు కొట్టించాలా అని రాశారు. ముందు సూటిగా చెప్పేస్తాను. మందు కొట్టించకండి. పంచాయతీలో ఇంకా ఏమీ తేల్చలేదన్నారు కాబట్టి, ఇది పూర్తిగా చదివేలోపే మందు కొట్టే పంపు తెస్తానన్న పెద్దమనిషికి ఒక ఫోన్ చేసి ఆగమని చెప్పండి. కారణాలు తీరిగ్గా చెప్తాను.

మీరు రాసిన దాన్ని ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి. నకిరేకల్ దగ్గర మీ ఊరి చెరువు కట్ట మీద, కట్టమైసమ్మ గుడి పక్కన తాతల నాటి మర్రిచెట్టు ఉంది. ఈ ఎండాకాలం కాయలు కుప్పలుగా రాలుతున్నాయి. మీ బడి పిల్లలు కాయలు చీల్చి చూస్తే లోపల నల్లటి చిన్న చిన్న పురుగులు కనిపించాయి. బత్తాయి తోట ఉన్న ఒక రైతు "చెట్టుకు చీడ పట్టింది, నా టైవాన్ పంపుతో మోనో కొట్టిస్తా, పైసా వద్దు" అన్నారు. మోనో అంటే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. పిల్లలేమో "మర్రికి పువ్వే పూయదంట కదా సార్, మరి కాయ ఎట్లా వచ్చింది, అందులోకి పురుగు ఎట్లా పోయింది" అని అడిగారు. చివర్లో, మీ పొలంలో తాటిచెట్టు మీద మొలిచిన మర్రిమొక్కను తీసి కట్ట మీద నాటొచ్చా అని అడిగారు.

నేను 30 ఏళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పాను. ఆ 30 ఏళ్లలో నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. ఆ రైతును తప్పు పట్టడం లేదు. తోటలో కాయ తొలిచే పురుగు కనిపిస్తే మందు కొట్టడం ఆయనకు అలవాటైన పని. ఊరి చెట్టు మీద ప్రేమతోనే ముందుకొచ్చారు. కానీ బత్తాయికి వచ్చే పురుగు వేరు, మర్రికి వచ్చే పురుగు వేరు. బత్తాయి కాయలో పురుగు చేరితే కాయ చెడిపోతుంది. మర్రికాయలో ఆ పురుగు చేరకపోతే కాయ పండదు.

పువ్వు సంగతి ముందు చూద్దాం. "మర్రి పూయకుండా కాస్తుంది" అని పెద్దవాళ్లు అనడం ఊరికే కాదు. పువ్వు కనిపించకుండా కాయ కాసే చెట్లకు సంస్కృతంలో వనస్పతి అని ప్రత్యేకంగా పేరే ఉంది. కంటికి కనిపించినంతవరకు ఆ మాట నిజమే. అయితే మీ పిల్లలు చీల్చింది మామూలు కాయ కాదు, అదే పూలగుత్తి. పొద్దుతిరుగుడు పువ్వును గుర్తు తెచ్చుకోండి. చూడటానికి ఒక్క పువ్వే. కానీ ఆ పళ్లెంలో ఉండేవి వందల చిట్టి పూలు, ఒక్కో గింజ ఒక్కో పువ్వుది. ఇప్పుడు ఆ పళ్లెం అంచులు పట్టుకొని, పూలన్నీ లోపలికి పోయేటట్టు మూట కట్టారనుకోండి. మూతి దగ్గర సన్నటి సందు ఒక్కటే మిగులుతుంది. అదీ మర్రికాయ. గోళీ అంత లేతకాయను బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. మధ్యలో బోలుగా ఉంటుంది, లోపలి గోడ చుట్టూ నూలు పోగుల్లాంటివి ఒత్తుగా నిలబడి ఉంటాయి. అవే పూలు. మేడికాయ అయితే ఇంకా పెద్దది కాబట్టి పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. ఒక్క మేడికాయలో పూలు వేలల్లో ఉంటాయి. మేడి, రావి, జువ్వి, మనం కొనుక్కొని తినే అంజీర, అన్నీ ఈ కుటుంబమే, అన్నింటిదీ ఈ మూట కట్టిన పువ్వే.

మరి పూలన్నీ లోపల తలుపు వేసుకొని కూర్చుంటే పుప్పొడి తెచ్చేదెవరు? గాలి లోపలికి పోదు. తేనెటీగ ఆ సందులో పట్టదు. సరిగ్గా ఆ పని కోసమే ఉన్నది మీ పిల్లలు చూసిన పురుగు. అది కందిరీగల జాతిది. మన ఇళ్ల చూరుకు గూడు కట్టే కందిరీగలా కుట్టదు, మనిషి జోలికే రాదు. ఒళ్లంతా కలిపి నువ్వుగింజలో సగం. మర్రికి వచ్చే దాన్ని శాస్త్రంలో యూప్రిస్టినా మాసొని అంటారు. మేడికి వచ్చేది సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. రావికి వచ్చేది మళ్లీ వేరు. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి చెట్లు 750కి పైగా ఉన్నాయి, చాలా వరకు ఏ చెట్టు పురుగు ఆ చెట్టుదే. ఈ పొత్తు 7 కోట్ల ఏళ్లకు పైబడిన నాటిదని శాస్త్రవేత్తల లెక్క.

అది లోపలికి పోవడం నేను ఒకసారి దగ్గర నుంచి చూశాను. సాగర్ ఎడమ కాలువ పక్కన, హాలియా వైపు, కిందికి వాలిన కొమ్మలున్న ఒక మేడిచెట్టు ఉండేది. పొద్దున ఏడున్నర అయి ఉంటుంది. చేతిలో భూతద్దం ఉంది. పురుగు వచ్చి కాయ మీద వాలింది. కాసేపు కొమ్ములతో తడుముకుంటూ తిరిగింది. కాయ మూతి దగ్గరకు రాగానే ఆగింది. ఆ మూతిని చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా కప్పి ఉంటాయి. పురుగు తల బల్లపరుపుగా, రేకులాగా ఉంటుంది. ఆ తలను పొలుసు కిందికి దూర్చి నెట్టడం మొదలుపెట్టింది. తల పోయింది, నడుము పోయింది. రెక్కలు మాత్రం పట్టలేదు. అది ఆగలేదు, ఇంకా గట్టిగా నెట్టుకుంది. చివరికి రెక్కలు విరిగి పొలుసుల మధ్యనే ఉండిపోయాయి, పురుగు లోపలికి పోయింది. ఆ రెక్కల ముక్కలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. ఇక అది బయటికి రాదు. వచ్చినా ఎగరలేదు.

లోపలికి పోయింది ఆడది. దాని రొమ్ము కింద రెండు చిన్న జేబులుంటాయి, వాటిలో తను పుట్టిన కాయలోంచి తెచ్చిన పుప్పొడి ఉంటుంది. చీకట్లో పూల మీద నడుస్తూ ఒక్కో పువ్వులోకి గుడ్లు పెట్టే సూదిని దించుతుంది, ముందుకాళ్లతో జేబులోంచి పుప్పొడి తీసి పూలకు అంటిస్తుంది. పూలలో కొన్నింటి కీలం, అంటే పువ్వు మధ్యలో నిలబడే సన్నటి కాడ, పొట్టిగా, కొన్నింటిది పొడవుగా ఉంటుంది. పొట్టి వాటిలో సూది అడుగుదాకా అందుతుంది, అక్కడ గుడ్డు పడుతుంది, ఆ పువ్వు పురుగుకు ఉయ్యాల అవుతుంది. పొడవు వాటిలో సూది అందదు, పుప్పొడి మాత్రం అంటుతుంది, ఆ పువ్వు విత్తనమవుతుంది. అంటే చెట్టు తన పూలలో కొన్నింటిని పురుగు పిల్లలకు వదిలేసి, మిగిలినవాటిలో తన పిల్లలను పెంచుకుంటోంది. తల్లి పురుగు ఆ పని కాగానే ఒకటి రెండు రోజుల్లో అక్కడే చనిపోతుంది.

చెట్టు దీన్ని గుడ్డిగా వదిలెయ్యదు కూడా. ఈ కుటుంబంలో కొన్ని జాతుల మీద పరిశోధకులు చూసిందేమిటంటే, పుప్పొడి తేకుండా గుడ్లు మాత్రం పెట్టి పోయిన కాయలను చెట్టు పండనివ్వకుండా ముందే రాల్చేస్తుంది. గుడ్లతో సహా.

తర్వాత ఎండను బట్టి నెలో నెలన్నరో గడుస్తుంది. ముందు మగ పురుగులు బయటపడతాయి. వాటికి రెక్కలు ఉండవు, లేత పసుపు రంగులో ఉంటాయి. పుట్టిన కాయ దాటి అవి ప్రపంచాన్ని చూడవు. ఆడ పురుగులు ఇంకా పూల గూళ్లలోనే ఉండగా గూటికి కన్నం పెట్టి జతకూడతాయి. ఆ తర్వాత మగవన్నీ కలిసి కాయ గోడను కొరికి బయటికి సొరంగం తవ్వి, చనిపోతాయి. సరిగ్గా అదే సమయానికి కాయలోని మగపూలు విచ్చుకుంటాయి. కొత్త ఆడ పురుగులు ఆ పుప్పొడిని జేబుల్లో నింపుకొని, మగవి తవ్విపెట్టిన దారిలో బయటికొచ్చి ఎగిరిపోతాయి. మీ పిల్లలు చూసినవి ఇవే, బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న నల్లటి ఆడ పురుగులు. అవి వెళ్లిపోయాకే కాయ ఎర్రబడి, మెత్తబడి, తియ్యబడుతుంది.

"మేడిపండు పొట్ట విప్పితే పురుగులు" అన్న మాట మనందరికీ చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. పైకి మంచిగా ఉండి లోపల చెడ్డగా ఉన్నవాళ్లను తిట్టడానికి వాడతాం. నీతి కోసం ఆ మాట బాగానే ఉంది. కానీ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఇంకో ముక్క కూడా చెప్పండి: మేడిపండులో ఆ పురుగు కుళ్లు వల్ల వచ్చింది కాదు, ఆ పురుగు లేని మేడికి విత్తనమే లేదు.

ఇప్పుడు మీ అసలు టెన్షన్, కాయలు రాలడం. రాలిన కాయలను ఒక గుప్పెడు ఏరి చూడండి. ఎర్రగా, మెత్తగా ఉండి, పక్కన సూదిమొన అంత బెజ్జం ఉంటే అవి పండి రాలినవి. పిట్టలు, కోతులు కొమ్మలు కదిపినా రాలుతాయి. మీరు రాసినదాన్ని బట్టి ఇవి అవే. పచ్చిగా, గట్టిగా, లోపల పురుగూ లేక గింజా లేక కుప్పలుగా రాలితే అప్పుడు ఆలోచించాలి. దాని అర్థం ఈసారి చెట్టుకు పురుగు అందలేదని. ఒకటి రెండు కాపులు అట్లా పోవడం కూడా మామూలే.

ఎందుకు మామూలే అంటే, ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి. ఆడపూలు సిద్ధంగా ఉన్నప్పుడు అదే చెట్టులో పురుగులు బయటికి రావు, వారాల తేడా ఉంటుంది. కాబట్టి మీ చెట్టులోంచి ఎగిరిన పురుగుకు తన చెట్టు పనికిరాదు. సరిగ్గా ఆ రోజుకు లేతకాయలతో ఉన్న మరో మర్రి కావాలి. దాని ఆయుష్షు ఒకటి రెండు రోజులు. లేతకాయలు విడుదల చేసే వాసన పట్టుకొని పోతుంది. ఇంత చిన్న ప్రాణి ఎంత దూరం పోతుందిలే అనుకుంటాం. ఆఫ్రికాలో నమీబియా ఎడారి నదుల వెంట ఉన్న మేడిజాతి చెట్ల మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఆ పురుగులు గాలి మీద తేలుతూ పుప్పొడిని 160 కిలోమీటర్ల దాకా మోసినట్టు తేలింది. నల్లగొండలో లేచిన పురుగు మహబూబ్‌నగర్ దాటిపోయేంత దూరం అది.

అయినా ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు. చుట్టుపక్కల ఊళ్లలో రకరకాల దశల్లో మర్రులు ఉంటేనే ఈ గొలుసు తెగకుండా సాగుతుంది. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డు పక్కన వరసగా నిలబడ్డ వందల మర్రులను కాపాడాలని జనం ఏళ్లుగా అడుగుతున్నారు. నీడ కోసమే అనుకుంటాం గానీ, ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు మీద లేతకాయ, ఏదో ఒక చెట్టు మీద పండు ఉండే అలాంటి వరస ఈ పురుగుకు రాజధాని లాంటిది. మీ కట్ట మీది చెట్టు కూడా ఒంటరిది కాదు, చుట్టూ ఉన్న ఊళ్ల మర్రులకు అది చుట్టం.

పురుగు లేకపోతే ఏమవుతుందో అమెరికా రైతులకు బాగా తెలిసొచ్చింది. కాలిఫోర్నియాకు 1880ల్లో టర్కీ వైపు నుంచి స్మిర్నా రకం అంజీర మొక్కలు తెప్పించి తోటలు వేశారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు వచ్చాయి, పండకుండానే రాలిపోయాయి. ఏళ్ల తరబడి అదే వరస. చివరికి 1899లో దాని కందిరీగను కూడా తెచ్చి వదిలితే గానీ పండు చేతికి రాలేదు. ఇది చదివి అంజీర తినడానికి జంకకండి. ఇప్పుడు తోటల్లో పెంచే రకాల్లో చాలా వాటికి పురుగుతో పని లేకుండానే కాయ పండుతుంది. మన మర్రికి, మేడికి ఆ సౌకర్యం లేదు.

మీ పిల్లలు శ్రద్ధగా చూస్తే కాయ లోపలే కాక, కాయ పైన కూడా కొన్ని పురుగులు కనిపిస్తాయి, తోక దగ్గర వెంట్రుక లాంటి పొడవాటి సూదితో. అవి పుప్పొడి తెచ్చేవి కావు. లోపలికి పోకుండా బయట నుంచే కాయ గోడలోకి సూది దించి గుడ్లు పెడతాయి. కొన్ని పూలను వాడుకుంటాయి, కొన్ని లోపలున్న పురుగు పిల్లలనే తింటాయి. మేడికాయ గట్టిది, వెంట్రుక అంత సూది అందులోకి వంగిపోకుండా ఎట్లా దిగుతుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) పరిశోధకులు పరీక్షించి 2014లో ప్రచురించారు. ఆ సూది కొసన రంపపు పళ్లు ఉన్నాయి, ఆ పళ్లలో జింకు లోహం చేరి గట్టిపడి ఉంది. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు కూడా అది చదివిన రోజు నిద్ర పట్టలేదు. వాటిని చూసి "ఇవి దొంగలు కదా, వీటికైనా మందు కొడదామా" అని ఎవరైనా అంటే వద్దనండి. అవీ ఆ కాయలోని సంసారంలో భాగమే, చెట్టు వాటితో కూడా ఎప్పటి నుంచో బతుకుతోంది.

ఇక మందు కొడితే జరిగేది. ఆకుల మీద, కాయల మీద పడ్డ మందు ముందుగా చంపేది రెక్కల మీదున్న పుప్పొడి పురుగులను. లేతకాయల కోసం వచ్చినవి కాయ మీద వాలగానే చస్తాయి. ఆ కాపు మొత్తం పచ్చిగానే రాలుతుంది. అంటే మీరు చీడ అనుకొని ఆపుదామన్న రాలడం, మందు వల్లే మొదలవుతుంది. కొమ్మకు పెద్ద తేనెపట్టు ఉంటే అదీ పోతుంది.

అంతకంటే నాకు భయం పిట్టల గురించి. మోనోక్రోటోఫాస్ పక్షులకు మహా విషం. కూరగాయల మీద దాని వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. ఎండాకాలంలో మన వైపు పరిస్థితి మీకు తెలుసు, చేన్లు బీడుగా ఉంటాయి, గుట్టల మీద ఆకే ఉండదు. అప్పుడు పండుతో నిండి ఉండేది మర్రి, మేడి. ఒక్కసారి పొద్దున్నే ఆ చెట్టు కింద కూర్చోండి. టుక్ టుక్ టుక్ అని సుత్తి దెబ్బలా కొట్టేది కంసాలిపిట్ట. గోరువంకలు, పికిలిపిట్టలు, కోయిలలు, రామచిలుకలు, ఆకుల్లో ఆకులా కలిసిపోయే పచ్చ పావురాలు, కింద రాలినవాటి కోసం ఉడుతలు. చీకటి పడితే గబ్బిలాలు. చెట్టు మీద మందు పడిందంటే ఇవన్నీ తినేది ఆ పండే. ఆ చెట్టు ఉన్నది చెరువు కట్ట మీద, మందు కారేది చెరువులోకి. అందులో చేపలున్నాయి, మీ గొడ్లు తాగేది ఆ నీళ్లే.

అయితే మర్రికి రోగాలే రావని కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి అందరూ విన్నదే. సూర్యాపేట దగ్గర గుళ్లున్న పిల్లలమర్రి ఊరు వేరు, ఇది చెట్టు. దాదాపు 700 ఏళ్లదని చెప్తారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. దానికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడటంతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. 2018లో క్లోరోపైరిఫాస్ మందును నీళ్లలో కలిపి, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, మానులోకి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసే చాలామంది "మర్రికి మందు కొట్టాలి" అని మనసులో పెట్టుకున్నారని నాకు అనుమానం. అక్కడ మందు పోసింది మాను తొలిచే చెదలకు, అధికారుల పర్యవేక్షణలో, మానులోకి. పంపుతో కాయల మీద చల్లడం కాదు.

మీ చెట్టును చూడాలనుకుంటే కాయలను వదిలేసి మాను చుట్టూ తిరగండి. బెరడు మీద మట్టి పూతలా చెదలు పాకి ఉంటే కంగారు పడకండి, చాలాసార్లు అవి పైనున్న చచ్చిన బెరడును మాత్రమే తింటాయి. కొబ్బరిపీచుతోనో చీపురుతోనో ఆ మట్టి దులిపేస్తే చాలు. కర్రతో మానును తట్టినప్పుడు డప్పులా బోలు శబ్దం వచ్చినా, చెట్టు మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు చెక్కలా మొలిచినా, పెద్ద కొమ్మలు కొసల నుంచి ఎండుకుంటూ వస్తున్నా అటవీశాఖ వాళ్లకు చూపించండి. నా అనుభవంలో మాత్రం ఊరి చెట్లను ఎక్కువగా చంపేది పురుగులు కాదు, మనం కట్టే సిమెంటు గద్దెలు. నేను పనిచేసిన ఒక ఊళ్లో రావిచెట్టు మొదలును ఆనించి గద్దె కట్టి, టైల్స్ వేసి, వేర్లకు చుక్క నీరు దిగకుండా చేశారు. చెట్టు ఆకు చిన్నబడుతూ చిన్నబడుతూ ఐదారేళ్లకు ఎండిపోయింది. అందరూ దిష్టి తగిలిందన్నారు. ఎంత చెప్పినా ఆ టైల్స్ తీయించలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీ గుడి దగ్గర గద్దె ఉంటే మాను చుట్టూ కనీసం రెండు గజాలు మట్టి వదిలేట్టు చూడండి. చెట్టు మొదలు దగ్గర చెత్త కాల్చనివ్వకండి.

ఊడలను కాపాడితే మర్రికి అంతకంటే పెద్ద వైద్యం లేదు. నేలకు దిగిన ఊడ కొన్నేళ్లకు మానులా లావెక్కి కొమ్మను మోస్తుంది, సొంతంగా నీళ్లు తాగుతుంది. కలకత్తా దగ్గర హౌరాలోని పెద్ద మర్రికి బూజుతెగులు పట్టి 1925లో అసలు మానునే కోసి తీసేశారు. చెట్టు ఊడల మీదే నిలబడి ఈనాటికీ బతికే ఉంది. మీ చెట్టుకు గాల్లో వేలాడే ఊడలుంటే వాటి కొసలను గొడ్లు కొరుకుతుంటాయి, పిల్లలు ఊగి తెంపుతుంటారు. వెదురుబొంగును నిలువుగా చీల్చి, ఊడ చుట్టూ పెట్టి, లోపల ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి, తాడుతో కట్టి తడుపుతూ ఉండండి. ఊడ ఆ బొంగులోంచి భద్రంగా నేలకు దిగుతుంది. టైవాన్ పంపు రైతుకు సాయం చెయ్యాలనే ఉంది కాబట్టి ఈ పని ఆయనకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

తాటిచెట్టు మీది మొక్క గురించి. పిట్ట పండు తిని తాటిమట్ట సందులో రెట్ట వేస్తుంది. అక్కడ దుమ్ము, తేమ చేరి ఉంటాయి, ఆవగింజ కంటే చిన్నదైన మర్రి విత్తనానికి అంతే చాలు. పాత గడీల గోడల్లో, మోటబావుల రాళ్ల సందుల్లో మొలిచేవీ ఇట్లా వచ్చినవే. అది వేర్లను కిందికి దించి తాటిని చుట్టుకుంటుంది. వేరే చెట్టయితే చుట్టిన వేర్ల మధ్య మాను లావెక్కలేక నలిగి చస్తుంది. తాటిమాను ఏటేటా లావెక్కదు కాబట్టి చాలా ఏళ్లు తట్టుకుంటుంది, చివరికి పైన మర్రి నీడ కమ్ముకొని వెలుతురు అందక పోతుంది. కల్లు గీసే తాడైతే మొక్క మూరెడు ఉన్నప్పుడే గౌడన్నను అడిగి వేరుతో సహా తీయించండి. వానలు పడ్డాక కుండీలో ఒక ఏడాది పెంచి నాటుకోవచ్చు. తొందరగా చెట్టు కావాలంటే మాత్రం ముంజేయి లావున్న మర్రికొమ్మను మనిషి ఎత్తు కోసి, ఆషాఢంలో రెండడుగుల లోతు గుంతలో పాతండి, చక్కగా వేరు పట్టుకుంటుంది. తూముకు, అలుగుకు దగ్గరగా వద్దు, వేర్లు కట్టుబడిని చీలుస్తాయి. కట్ట దిగిన తర్వాత గట్టినేల చూసి నాటండి.

ఇక పిల్లలకు చూపించే పద్ధతి. ఎర్రబడటానికి ఒకటి రెండు రోజుల ముందున్న కాయలు, అంటే ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతున్నవి, ఇంకా బెజ్జం పడనివి పది పదిహేను సాయంత్రం కోయించండి. శుభ్రమైన గాజుసీసాలో వేసి, మూతికి పల్చటి పంచెగుడ్డ కట్టి, కిటికీ దగ్గర నీడలో పెట్టండి. తెల్లవారాక బడికి పోయేసరికి కాయలకు బెజ్జాలు పడి, సీసా గోడల మీద నల్లటి చుక్కలు తిరుగుతూ ఉంటాయి. ఒక కాయను చీల్చి లోపల రెక్కల్లేని లేత పసుపు మగవాటిని భూతద్దంతో చూపించండి. కాయ ఆ దశలో లేకపోతే రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నించండి. అందరూ చూడటం అయిపోగానే ఆలస్యం చెయ్యకుండా, ఎండ ముదరకముందే, సీసాను చెట్టు కిందికి తీసుకెళ్లి గుడ్డ విప్పండి. వాటికి ఉన్నది ఒక్క రోజే.